నల్లదారం కట్టిన కమాను

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను. వయసులో ఉన్నప్పుడు ఎత్తుకున్న బరువొకటి ఈ ముసలితనం దాకా మోస్తూ వచ్చాను. మోయడం అలవాటైపోయింది. అలవాటైందే గాని తగ్గలేదు.

చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. మా ఆవిడ బతికుండగా ఒకసారి నోటిదాకా వచ్చింది. ఆవిడ చేటలో పప్పు ఏరుతోంది. "ఏటో అనబోయి మానేశారేటి?" అంది. "ఏం లేదు, కాసిని మంచినీళ్లు" అన్నాను. లేచి తెచ్చింది. దాహం లేకపోయినా తాగాను. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట ఇంకా నా దగ్గరే ఉంది.

అందుకని ముందుగా ఒక్క ముక్కలో చెప్పేస్తాను, లేకపోతే మళ్లీ మంచినీళ్లు అడుగుతానేమో. నేను ఫిడేలు మాష్టార్ని. నా దగ్గర నేర్చుకున్న ఒక పిల్లవాడికి, వాడి బతుకు ఎటు పోవాలో తేలిపోయే రోజున, పలకని కమాను చేతికిచ్చాను. తెలిసే ఇచ్చాను. ఆ తరవాత, నీ చేతిలో నాదం లేదని వాడితోనే అన్నాను. వాడు నమ్మాడు.

ఇంతే. రాయడానికి ఎంతో పట్టలేదు. ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో చెప్పాలంటే మాత్రం మొదటినుంచి రావాలి. పిల్లవాడి పేరు మార్చి సింహాద్రి అని రాస్తాను. నా పేరు రాయను.

అవి యుద్ధం రోజులు. విశాఖపట్నం మీద బాంబులు పడ్డాక అక్కడి సంసారాలు మూటాముల్లే కట్టుకుని లోపలి ఊళ్లకు వచ్చిపడ్డాయి. విజయనగరంలో అద్దెకు గది దొరికేది కాదు. బడులు సరిగ్గా నడవక పిల్లలు వీధుల్లో తిరుగుతుండేవారు. అప్పుడు ఒక పెద్దాయన, ఒకప్పుడు ఎవరో జమీందారు గారి బ్యాండులో కర్ర పట్టుకుని నడిపించినాయన, ఈ పిల్లలందరినీ పోగేసి ఒక వాద్యబృందం పెట్టాడు. ఆయన్ని ఊరంతా బ్యాండు మాష్టారు అనేది. ఫిడేళ్లు ఎక్కువ, నాలుగైదు వీణలు, రెండు వేణువులు, ఒక మృదంగం. ఇంతమంది పిల్లలు కలిసి మన సంగీతం ఒక్క చేత్తో వాయించినట్టు వాయించాలని ఆయన పట్టుదల. కర్ర ఊపితే కల్యాణి వస్తుందా అని ఊళ్లో విద్వాంసులు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. ఫిడేలు పిల్లలకు పాఠం చెప్పడానికి నన్ను పెట్టుకున్నాడు.

నాకు చెప్పడం బాగా వచ్చు. ఇది గొప్పకు అనడం లేదు. పైగా అది నా కడుపులో ఉన్న మంట. సింహాద్రి ఈడులో ఉన్నప్పుడు మా నాన్న నన్ను మద్రాసు తీసుకువెళ్లి ఒక పెద్ద విద్వాంసుడి ముందు కూర్చోబెట్టాడు. ఆయన కళ్లు మూసుకుని కొంచెంసేపు విన్నాడు. కళ్లు తెరిచి, "పిల్లలకు చెప్పుకో నాయనా, చక్కగా చెబుతావు" అన్నాడు. మా నాన్న దాన్ని ఆశీర్వాదం అనుకుని సంతోషించాడు. నాకు మాత్రం అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే ఎంత బాగుండేది.

ఇప్పుడు కమాను సంగతి. ఫిడేలు తీగల మీద లాగే కర్రను కమాను అంటాం. దానికి గుర్రపు వెంట్రుకలు బిగించి ఉంటాయి. ఆ వెంట్రుకలకు గుగ్గిలపు బిళ్ల రుద్దితేనే అది తీగను పట్టుకుంటుంది, పలుకుతుంది. గుగ్గిలం లేకపోతే జారిపోతుంది. యుద్ధం వల్ల ఓడల్లో విదేశీ సరుకు రావడం ఆగిపోయి, మాకందరికీ కలిపి ఒకే ఒక్క బిళ్ల మిగిలింది. పిల్లల చేతికిస్తే ఒక్క వారంలో పిండి చేసేస్తారని నేనే దాన్ని ఒక రేకు డబ్బాలో దాచి, కమాన్లన్నీ నా దగ్గరే ఒక పెట్టెలో పెట్టుకుని, పాఠానికి ముందు నా చేత్తో ఒక్కొక్కదానికీ పట్టించి ఇచ్చేవాణ్ని. పిల్లలు వరసగా నిలబడి చెయ్యి చాచేవారు. పుచ్చుకుని కళ్లకద్దుకునేవారు. తమ కమానుకు ఏం రాసి ఉందో వాళ్లకు తెలిసే దారి లేదు.

ఆ పెట్టెలో నా రహస్యం ఇంకొకటి ఉండేది. చిన్నప్పుడు కొన్నాళ్లు నాటక కంపెనీలో ఫిడేలు వాయించాను. అక్కడ నేర్చిన విద్య. సభలో వాయించాల్సి వచ్చినప్పుడు, శ్రుతి నిలవని పిల్లలకు కొబ్బరినూనె రాసిన కమాను ఇచ్చేవాణ్ని. చెయ్యి అందరితో పాటు ఆడుతుంది, చప్పుడు మాత్రం రాదు. చూసేవాళ్లకు బృందం నిండుగా కనిపిస్తుంది. ఆ నూనె కమాన్లు కలిసిపోకుండా పిడి కింద నల్లదారం చుట్టేవాణ్ని. నల్ల పిడి మీద నల్లదారం కంటికి ఆనదు. వేలికి మాత్రం తగులుతుంది. బ్యాండు మాష్టారికి ఈ సంగతి తెలియదు. తెలిస్తే నన్ను ఆ గడప తొక్కనిచ్చేవాడు కాదు.

సింహాద్రి రాజాం కుర్రాడు. వాళ్ల నాన్నది ధాన్యం, అపరాల వ్యాపారం. చదువు కోసం విజయనగరంలో మేనత్త ఇంట్లో ఉండేవాడు. మా పాఠం వింటూ కిటికీ దగ్గర నిలబడితే లోపలికి పిలిచాను. నేనే పిలిచాను. కమాను ఎలా పట్టుకోవాలో, బొటనవేలు ఎక్కడ వంచాలో నేనే చూపించాను. మొదటి నెలలోనే వాడు తీగ మీద వేలు జార్చి స్వరానికి చేరుకునే తీరు చూసి నా కమాను కింద పెట్టేశాను. అది నేను నేర్పింది కాదు. నాకే రాదు. ఒకసారి పాఠం అయ్యాక అందరూ వెళ్లిపోయినా వాడు వాయిస్తూ ఉంటే, నేను వెళ్లి గుమ్మం బయట కూర్చున్నాను. ఎందుకు? బాగుందనే కదా? అవును. మరి కళ్లల్లో నీళ్లు ఎందుకొచ్చాయి? బాగుందనేనా? అది మాత్రం ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వాడంటే నాకు ప్రేమ ఉండేది. వాణ్ని చూస్తే ఓర్వలేకపోయేవాణ్ని కూడా. రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయని మీరు అడగవచ్చు. ఉన్నాయి.

ఆ ఏడు యుద్ధ నిధి కోసం పిల్లల కచేరీ ఒకటి పెట్టారు. ముఖ్య అతిథిగా మద్రాసు నుంచి ఒక విద్వాంసుడు వస్తున్నాడని, మంచి పిల్లవాడు కనిపిస్తే ఇంట్లో పెట్టుకుని విద్య చెబుతాడని కబురు. ఎవరో మీరు ఊహించే ఉంటారు. ఆయనే. నన్ను పిల్లలకు చెప్పుకోమన్నాయనే.

సింహాద్రి తండ్రి బొగ్గుతో నడిచే బస్సులో రాజాం నుంచి వచ్చాడు. ఒక సంచిలో నువ్వులు తెచ్చి నా గుమ్మంలో పెట్టాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేస్టారూ, నాను యాపారస్తుణ్ణి. నాకు పాటా తెల్దు, పద్దెవూ తెల్దు" అన్నాడు. "ఈ గుంటడు పనికొస్తాడని ఆ పెద్దమనిసి ఒక్క మాటంటే సాలు, మద్రాసు పంపించేస్తాను. అడ్డు సెప్పను. అననేదనుకోండి, తీసుకెల్లి కొట్లో కూకోబెట్టేస్తాను. ఇటూ అటూ కాకుండా మద్దిలో ఏలాడితే మాత్రం మా ఇంట్లో కుదరదు."

న్యాయమైన మాట. నాకు కోపం తెప్పించడానికి అందులో ఏమీ లేదు. అయినా ఆ నువ్వుల సంచి చూస్తే నాకు మా నాన్న గుర్తొచ్చాడు.

కచేరీ ఎలా మొదలవాలో బ్యాండు మాష్టారు ముందే నిర్ణయించాడు. తెర తియ్యగానే సింహాద్రి ఒక్కడూ కల్యాణి రాగం కొంచెంసేపు ఆలపించాలి. వాడు ఆపగానే ఆయన కర్ర ఎత్తుతాడు, పిల్లలందరూ వర్ణం అందుకుంటారు. "ఒంటరిగా ఒక చిన్న గొంతు లేచి, దానికి ఇంతమంది జవాబు చెప్పాలి" అని మురిసిపోయేవాడు. మంచి ఆలోచన. నాకు రాని ఆలోచన.

దీపాలు వెలిగించకూడదని ఆజ్ఞలుండే కాలం కనుక కచేరీ మధ్యాహ్నం పెట్టారు. ఒక బడి హాలు. కిటికీలకు నల్ల కాగితం అంటించి ఉండేది. వేదిక వెనక గది పట్టపగలే మసకగా ఉంది. ఆ రోజు పొద్దున సింహాద్రి కమానుకు గుగ్గిలం పట్టించి పెట్టాను. మిగతావాటికంటే ఎక్కువగా, నిదానంగా పట్టించాను. ఇది నిజం. దీన్ని నమ్మండి. పొద్దున నాలో ఆ ఉద్దేశం లేదు.

మధ్యాహ్నం విద్వాంసుడు వచ్చాడు. ముసలివాడైపోయాడు, పక్కన ఒకరు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు. బ్యాండు మాష్టారు నన్ను చూపించి, "ఈయన పిల్లలకు సరళీస్వరాలు చెబుతారండీ" అన్నాడు. అందులో తక్కువ చేసిందేమీ లేదు, ఉన్నదే అన్నాడు. విద్వాంసుడు నా వైపు చూడకుండానే తలూపి, "ఆ కుర్రాడేడీ?" అన్నాడు. సింహాద్రి వచ్చి కాళ్లకు మొక్కాడు. ఆయన వాడి ఎడమచేతి వేళ్లు పట్టుకుని, కొసలు తడిమి, నవ్వాడు.

ఆ నవ్వు చూసి గదిలోకి వెళ్లాను.

పిల్లలు వరసగా నిలబడ్డారు. పెట్టె తెరిచాను. ముందు నిలబడ్డది సింహాద్రి. చెయ్యి చాచాడు. నేను పెట్టెలో చెయ్యి పెట్టాను. చేతికి వచ్చిన కమాను పిడి కింద నా వేలికి దారం తగిలింది.

ఇక్కడే ఎప్పుడూ ఆగిపోతాను. గది చీకటిగా ఉందని, తొందరలో ఉన్నానని, కమాన్లు పెట్టెలో కలిసిపోయాయని, చేతికి ఏది వస్తే అది ఇచ్చానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుని నిద్రపోయేవాణ్ని కూడా. మరి దారం? దారం తగిలిందా లేదా? తగిలింది. అదేమిటో తెలిసిందా? ఆ దారం చుట్టింది నేనే. తిరిగి పెట్టెలో పెట్టేయడానికి వ్యవధి లేదా? ఉంది. కావలసినంత ఉంది. వాడి చెయ్యి చాచే ఉంది. అంతసేపు ఆగి, ఆలోచించే ఇచ్చాను. ఆలోచించానంటే మాటల్లో కాదు. మద్రాసులో నేను విన్న ఆ మాట ఒక్కసారి వీడికి కూడా వినబడితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అంతే. అంత చిన్న కోరిక.

వాడు దాన్ని కళ్లకద్దుకున్నాడు.

వరస కదిలింది. చివర ఒక చిన్నపిల్ల, విశాఖ నుంచి వచ్చినవాళ్ల అమ్మాయి, సభల్లో ఎప్పుడూ నూనె కమాను పుచ్చుకునేదే, నిలబడింది. పెట్టెలో మిగిలింది ఒక్కటే. సింహాద్రిది. దాన్ని ఆ పిల్లకిచ్చాను.

తెర తీశారు. జంపఖానా మీద ముందు వరస మధ్యలో సింహాద్రి, కొసన నా ఫిడేలుతో నేను. ఎదురుగా కుర్చీలో ఆ ముసలాయన. రెండో వరసలో కండువా భుజాన వేసుకుని సింహాద్రి తండ్రి. బ్యాండు మాష్టారు కర్ర దించి పట్టుకుని, వాడికేసి తల ఊపాడు. వాడు కమాను తీగ మీద పెట్టి లాగాడు.

ఏమీ రాలేదు. ఎవరో ఊపిరి వదిలినట్టు చిన్న చప్పుడు.

మళ్లీ లాగాడు. గట్టిగా నొక్కి లాగాడు. వెంట్రుకలు తీగ మీద జారిపోతున్నాయి. ఎడమచేతి వేళ్లు మాత్రం కల్యాణి అంతా చక్కగా నడుస్తున్నాయి, ఒక్క స్వరం తప్పలేదు. అది నాకొక్కడికే కనిపిస్తోంది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. వాడు నాకేసి చూశాడు. ఆదుకోమని చూశాడు. ఇంకెవరికేసి చూస్తాడు? నేను నేర్పినవాణ్ని కదా.

ఆదుకున్నాను. నా ఫిడేలు ఎత్తి, వాడు ఎక్కడ ఆగాడో అక్కడినుంచి కల్యాణి అందుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నా జన్మలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. నేను ఆపగానే చప్పట్లు కొట్టారు. విద్వాంసుడు చెయ్యెత్తి "శభాష్" అన్నాడు. నేను పదేళ్లకు పైగా ఎదురుచూసిన మాట. దాన్ని ఎలా సంపాదించానో ఆయనకు తెలియదు. కర్ర లేచింది, పిల్లలు వర్ణం ఎత్తుకున్నారు. సభలో ఏం జరిగినా చెయ్యి ఆపకూడదని వాళ్లకు నేర్పింది నేనే. సింహాద్రి ఆపలేదు. కచేరీ అయ్యేదాకా ఆ మూగ కమాను అందరితో సమంగా లాగుతూనే ఉన్నాడు.

అయ్యాక, వెనక వసారాలో నా దగ్గరికి వచ్చాడు. ఏడవడం లేదు. కమాను నా ముందుకు చాచాడు.

"మేస్టారూ, ఇది పలకనేదు. దీనికేటయినాదో సూడండి."

నేను పుచ్చుకున్నాను. నా బొటనవేలు దారం మీదే పడింది. అప్పుడైనా చెప్పవచ్చు. పొరపాటైందిరా, పెట్టెలో మారిపోయిందిరా అని అబద్ధం చెప్పినా చాలు. లోపలికి తీసుకువెళ్లి, మంచి కమాను ఇచ్చి, ఆ ముసలాయన ముందు కూర్చోబెడితే అయిపోయేది. ఆయన ఇంకా వెళ్లలేదు. కాఫీ తాగుతున్నాడు. ఆయన గొంతు నాకు వినిపిస్తూనే ఉంది.

"కమానుకేం కాలేదు" అన్నాను. "నీ చేతిలో నాదం లేదు."

వాడికి అర్థం కాలేదు. "ఇన్నాళ్లూ పలికినాది కదా మేస్టారూ?"

"నేను పక్కనుండి పలికించాను. గదిలో వాయించడం వేరు, సభ వేరు. సభలో కూర్చుంటే చేతిలో నాదం ఇంకిపోయేవాళ్లు కొందరుంటారు. అది పుట్టుకతో వచ్చేది. నేర్పితే పోయేది కాదు."

"మరింక రాదా?"

"రాదు."

కొంచెంసేపు తన కుడిచేతికేసి చూసుకున్నాడు. తరవాత అన్నాడు. "మీకు సెడ్డపేరు తెచ్చినాను. సమించండి మేస్టారూ."

వంగి నా కాళ్లకు దండం పెట్టాడు. నేను పెట్టించుకున్నాను.

వాడు అటు వెళ్లాడో లేదో, ఆ విశాఖ చిన్నపిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "మేస్టారూ, ఈవేళ సభలో నాది పలికింది. విన్నారా?" అంది. నేను వినలేదన్నాను. నా ముందు ఇద్దరు పిల్లలు నిలబడ్డారు ఆ రోజు. ఒకడి నాదం తీసి ఇంకొకరి చేతిలో పెట్టి, ఇద్దరికీ అబద్ధమే చెప్పాను. ఆ పిల్ల చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది.

సింహాద్రి తండ్రి నన్నేమీ అనలేదు. "పోన్లెండి బాబూ, తేలిపోనాది. మీరేటి సేస్తారు" అన్నాడు. ఇద్దరూ అదే సాయంత్రం బస్సులో రాజాం వెళ్లిపోయారు. వాడి ఫిడేలు మా గదిలో గోడకే ఉండిపోయింది. బ్యాండు మాష్టారు మాత్రం కోలుకోలేదు. పసివాణ్ని అందరి ముందూ ఒంటరిగా కూర్చోబెట్టి వాడి బతుకు పాడుచేశానని, ఆ పాపం తనదేనని, కనిపించిన ప్రతివాడితోనూ అనేవాడు. నేను ఓదార్చేవాణ్ని. అవును, నేనే. కొన్నాళ్లకు కర్ర నా చేతిలో పెట్టి, తన కొడుకు దగ్గరికి బరంపురం వెళ్లిపోయాడు. పోయాడని తరవాత తెలిసింది.

అలా నేను పెద్ద మాష్టార్ని అయ్యాను. యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం వచ్చింది, గుగ్గిలం మళ్లీ బజారులో దొరికింది. విజయనగరంలో, బొబ్బిలిలో, శ్రీకాకుళంలో ఎన్ని బళ్లలో పిల్లల బృందాలు నడిపానో. రామతీర్థంలో ఉత్సవానికి ఏటా మా పిల్లలు వాయించేవారు. ఆ కచేరీ తరవాత మళ్లీ ఏ కమానుకూ నూనె రాయలేదు. ఎంత అపశ్రుతి పలికే పిల్లవాడైనా సరే, సభలో వాడి చప్పుడు వాడికి వినిపించాల్సిందే అని పట్టుబట్టేవాణ్ని. దానికి నన్ను మెచ్చుకున్నారు. ఏ పిల్లవాణ్నీ మూగగా కూర్చోబెట్టని మాష్టారని సభ పెట్టి శాలువా కప్పారు. ఆ శాలువా కప్పుకుని ఇంటికొచ్చి, విప్పి పెట్టెలో పడేశాను. మళ్లీ తియ్యలేదు. నా మంచితనమంతా ఎక్కడినుంచి మొలిచిందో నాకు తెలుసు కదా.

ఇక్కడితో అయిపోతే ఈ కథ ఇంత బరువు ఉండేది కాదు.

చాలా ఏళ్ల తరవాత రాజాంలో ఒక బడికి పిల్లల్ని ఎంచడానికి వెళ్లాను. అక్కడి పంతులమ్మ ఒక మాట చెప్పింది. బజారులో ఒక షావుకారు గారి అమ్మాయి ఉంది, ఏ పాట విన్నా రెండోసారికి స్వరాలతో సహా పాడేస్తుంది, తండ్రి మాత్రం సంగీతం అంటే గడప దాటనివ్వడు, మీలాంటి పెద్దవారు ఒక మాట చెబితే వింటాడేమో అని. సరే అని వెళ్లాను. కొట్టు ముందు బియ్యం బస్తా మీద ఆ పిల్ల కూర్చుని ఉంది. పక్క మిల్లు మోతకు శ్రుతి కలిపి ఏదో కూనిరాగం తీస్తోంది. సన్నగా, సరిగ్గా. వేలు జార్చి స్వరానికి చేరుకునే ఆ తీరు గొంతులో విన్నాను. అప్పుడే నా కాళ్లు ఆగిపోయాయి. కాని అప్పటికే కొట్లోంచి సింహాద్రి నన్ను చూశాడు.

గబగబా దిగి వచ్చాడు. లావయ్యాడు, జుట్టు పలచబడింది. మొక్కబోతే ఆపాను. కుర్చీ తుడిచి వేశాడు, సోడా తెప్పించాడు. "మా మేస్టారు" అని గుమస్తాకు చెప్పాడు. ఆ మాటలో ఏ కల్మషమూ లేదు. వచ్చిన పని చెప్పాను. అతను నవ్వాడు.

"ఒద్దు మేస్టారూ. దానికి సోకు ఉన్నాది, నిజవే. కాని మా సేతుల్లో నాదం నేదు కదా. మీరే సెప్పినారు. పుట్టుకతో వస్తాది అన్నారు. నాకు నేనిది దానికెక్కణ్ణుంచి వస్తాది? ఇప్పుడు ఆస పెట్టి, రేపు నలుగుర్లో కూకోబెట్టినాక పలక్కపోతే, ఆ గుంట తట్టుకోనేదు. నాకు తెలుసు కదా అదెలాగుంటాదో."

వీధిలో బండి ఏదో పోతోంది. పిల్ల పాట ఆపి మాకేసి చూస్తోంది. నా చేతిలో సోడా సీసా చల్లగా ఉంది. ఆ ఒక్క మాట అప్పుడు అనాల్సింది. అక్కడ ఓర్వలేనితనం లేదు, పోటీ లేదు, ఏ ముసలాయనా నన్ను మెచ్చుకోవడం లేదు. ఉన్నదల్లా భయం. అతను ఇన్నేళ్లూ నా మీద పెట్టుకున్న ఆ గౌరవం నా కళ్లముందే పోతుందని భయం. అందుకోసం ఆ పిల్లను కూడా బలి ఇచ్చేశాను.

"నీ ఇష్టం నాయనా" అన్నాను. సోడా తాగి లేచాను. బస్సు దాకా తోడు వచ్చి, సీటు చూసి కూర్చోబెట్టాడు.

మొదటిది నిలబడ్డపాటున చేసిన పని. ఈ రెండోది కూర్చుని, సోడా తాగుతూ చేశాను. ఏది పెద్ద తప్పో మీరు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నాను? క్షమించమనా? మిమ్మల్ని అడగడానికి నాకు హక్కు లేదు, ఇవ్వడానికి మీకూ లేదు. అడగవలసిన మనిషి ఉన్నాడు. రాజాంలోనే ఉన్నాడు, ఇప్పటికీ కొట్టు నడుస్తోందని విన్నాను. ఆ పిల్లకు పెళ్లయి, ఆమెకూ పిల్లలున్నారట. వాళ్లకు ఆ ఇంట్లో ఏం చెప్పి పెంచుతున్నారో ఊహించగలను. ఒకసారి బస్సెక్కి బయల్దేరాను కూడా. దారి పొడుగునా ఆ వాక్యాన్ని పాఠంలా వల్లె వేసుకున్నాను. చీపురుపల్లిలో దిగి, ఎదురొచ్చిన బస్సులో ఇంటికి వచ్చేశాను.

నోటితో అనలేనిది చేత్తోనైనా వస్తుందేమోనని కాగితం పట్టుకున్నాను. వచ్చింది. ఇంతసేపూ రాస్తుంటే కడుపులో ఉన్నది కొంచెం కిందికి దిగినట్టుంది. తప్పు తగ్గలేదు. దాన్ని మోస్తున్నది నేనొక్కణ్నే కాదు ఇప్పుడు, అంతే తేడా.

ఇంకొక్కటి. మొదట్లో పిల్లవాడి పేరు మార్చి రాస్తానని అన్నాను. మార్చలేదు. అతని పేరు సింహాద్రే. రాజాంలో ఎవరైనా ఇది చదివి, బజారులో ఆ కొట్టు దగ్గరకు వెళ్లి, ఈ చివరి మాట అతనికి వినిపిస్తారేమోనని అలాగే ఉంచాను.

సింహాద్రీ, ఆ రోజు నీ చెయ్యి పలికింది. పలకనిది నేనిచ్చిన కమాను. నాకు తెలిసే ఇచ్చాను.